చూడకుండా ఇచ్చిన పిలక

అన్యాయం ఎవరికి జరిగింది? మద్దిలేటికి. ఎలా జరిగింది? అతడు చేయని దొంగతనాన్ని, వీధికుళాయి దగ్గర నీళ్ళకు నిలబడ్డ వారందరి ఎదుట, కన్నకొడుకు వింటూ ఉండగా, అతడికి అంటగట్టారు. అంటగట్టినది నా సొంత చెల్లెలు గ్రేస్. చెల్లెలు గనుక మాటను మెత్తగా చెప్పవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

పెనుకొండలో కొండకింది వీధిలో గ్రేస్ ఇల్లు. భర్త పోయిన తరువాత ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతూ బతికింది. ఒక జనవరిలో బెంగుళూరు వెళ్ళి, లాల్‌బాగ్ పూల ప్రదర్శనలో ఒక పొట్టి అరటి మొక్కను కొని, ఒళ్ళో పెట్టుకుని రైలులో తెచ్చింది. మనిషి ఎత్తుకు మించి పెరగని జాతి అది. దాని పువ్వు మన అరటిపువ్వులా కిందికి వేలాడదు, దీపస్తంభంలా పైకి నిలబడుతుంది. కాయలు వేలెడంత ఉంటాయి, గులాబి రంగులో, మీద సన్నని నూగుతో. పండితే తొక్క తనంతట తానే విచ్చుకుని వెనక్కి మడుచుకుంటుంది. లోపలి తెల్లని గుజ్జంతా నల్లని రాళ్ళవంటి గింజలే. చూడడానికే తప్ప నోట పెట్టుకోవడానికి పనికిరాదు.

"తినేకి పనికిరాని అరటి ఏందమ్మా, టీచరమ్మా?" అని వీధివాళ్ళు ఆటపట్టించేవారు.

"రోజా పువ్వు తింటాండారా మీరు?" అని గ్రేస్ ఎదురు అడిగేది.

అరటికి నీడ, నీళ్ళు, ఎరువు మూడూ కావాలి. పెనుకొండ నేలలో మూడూ కరువే. ఎరువు మాత్రం పక్కింటి మద్దిలేటి తెచ్చి ఇచ్చేవాడు. అతడు పశువుల ఆసుపత్రిలో అటెండరు. భార్య చనిపోయింది, లోకేష్ అనే కొడుకు ఒక్కడే. ఆసుపత్రి ఆవరణలోని ఎండుపేడను గోనెసంచిలో మోసుకొచ్చి, గ్రేస్ అరటి మొదట్లో తానే కలిపి వెళ్ళేవాడు. దానికి బదులుగా అతడు కోరినది ఒక్క పిలక. ఇస్తానని గ్రేస్ మాట ఇచ్చింది.

ఇక్కడ మా వైపు ఉన్న ఒక నమ్మకం చెప్పాలి. చేతికి ఇచ్చిన మొక్క నిలవదని, దొంగిలించి తెచ్చినదే ఏపుగా పెరుగుతుందని అంటారు. అందువల్ల ఇష్టపడి ఇచ్చేవారు సైతం "నేను చూడను, తీసుకుపో" అని ముఖం తిప్పుకుంటారు. తీసుకునేవారు పలకకుండా తవ్వుకుని వెళతారు. తరువాత ఇద్దరూ ఆ ఊసు ఎత్తరు, ఎత్తితే మొక్క వాడిపోతుందట. కాన్వెంటులో నన్ను పెంచిన సిస్టర్లు ఇటువంటి దానిని మూఢత్వమనేవారు. నేను మరొక మాట కూడా అంటాను. ఇచ్చిన దానికి సాక్ష్యం లేకుండా చేసే ఆచారం, ఎప్పుడో ఒకప్పుడు నిర్దోషి మెడకు చుట్టుకుంటుంది.

తొంభయ్యారు వేసవిలో అదే జరిగింది. ఒక మధ్యాహ్నం గ్రేస్ మద్దిలేటితో, "గేటు తీసే ఉంటుంది. నేను కుట్టుమిషను కాడ కూర్చుంటా, ఇటు తిరగను," అని చెప్పింది. అతడు వచ్చి, ఒక పిలక తవ్వుకుని వెళ్ళాడు. సాయంత్రం నీళ్ళు పోయడానికి ఆమె బయటికి వస్తే, అరటి ఉన్న చోట పెద్ద గొయ్యి ఉంది. పువ్వు వేసిన తల్లిచెట్టు లేదు, చుట్టూ ఉన్న పిలకలూ లేవు.

రాత్రంతా కుమిలి, తెల్లవారి కుళాయి దగ్గర అందరూ బిందెలతో వరుసలో ఉండగా ఆమె నోరు విప్పింది.

"ఒకటి తీసుకోమంటే తోటంతా తవ్వుకోని పోతావా? దొంగా!"

"నేను ఒక్కటే తీసుకున్యా టీచరమ్మా. నువ్వే గదా తీసుకోమంటివి," అన్నాడు మద్దిలేటి.

టీకొట్టు పోతులయ్య పక్కనుంచి, "ఆయమ్మ ఇచ్చేది నువ్వు జూసినావు, నువ్వు తవ్వేది ఆయమ్మ జూసిందా అప్పా?" అన్నాడు. వరుసంతా నవ్వింది.

మద్దిలేటి ఇంటికి పోయి, తాను నాటుకున్న ఆ ఒక్క పిలకను వేళ్ళతో సహా పీకి తెచ్చి, గ్రేస్ గేటు ముందు పెట్టి వెళ్ళాడు. లోకేష్ బిందె పట్టుకుని అదంతా చూశాడు. ఆ మరుసటి నెలలోనే హిందూపురంలో మేనత్త ఇంటికి వెళ్ళిపోయాడు, చదువు మానుకుని పట్టుగూళ్ళ మార్కెట్‌లో పనికి కుదిరాడు. పండుగకో జాతరకో వచ్చినా, తండ్రి ఇంట ఒక్క పూట భోజనం చేసి ఎరుగడు. మద్దిలేటికి ఊరు పెట్టిన పేరు పెద్ద బాధ కాదు. కొడుకు దానిని నమ్మడమే బాధ.

నేను ఉద్యోగ విరమణ చేసి చెల్లెలి ఇంటికి చేరేనాటికి ఈ సంగతి పాతబడింది. గ్రేస్ దానిని తనకు జరిగిన నష్టంగా చెప్పింది. నాకు మాత్రం వినగానే అనుమానం కలిగింది.

"నీకు గడ్డపార చప్పుడు వినిపించిందా?" అని అడిగాను.

"వినిపించింది."

"ఎంతసేపు?"

"కొంచెంసేపు. ఆగిపాయ. నేను రెండు జాకెట్లు కుట్టినాక మళ్ళీ వినిపించె."

"ఒక్క పిలకకు రెండుసార్లు తవ్వుతాడా?"

"అదే గదక్కా నేను చెప్పేది! తోటంతా తవ్వాలంటే రెండుసార్లు రావాల్సిందే."

నాకు అలా తోచలేదు. మోసం చేయదలచినవాడు పని ముగించుకుని ఒకేసారి పోతాడు, నడుమ రెండు జాకెట్లు కుట్టేంత విరామం ఇవ్వడు. రెండవసారి వినిపించిన గడ్డపార మరొకరిది. ఆ మరొకరు ఎవరు?

మద్దిలేటి ఆ చెట్లను హిందూపురం నర్సరీకి అమ్ముకున్నాడని వీధిలో వాడుక. కనుక ముందు ఆ నర్సరీ యజమాని నారాయణప్పను అనుమానించాను. ఒక ఉదయం రైలెక్కి హిందూపురం వెళ్ళి, గులాబీ మొక్క కొనే నెపంతో అతని తోటంతా తిరిగాను. వెనుకవైపు, గోనెపట్టాల పందిరి కింద, గులాబి అరటి కనిపించింది. ఒకటి కాదు, వరుసగా కుండీలలో ఉన్నాయి.

"ఇవి యాడివి?" అన్నాను.

"బాగుండాయి గదమ్మా! కావల్లంటే ఒకటి తీసుకోండి. దుడ్లు ఎక్కువేం చెప్పను."

"కొనడానికి రాలేదు. పెనుకొండలో ఒకరి తోటనుంచి తవ్వుకొచ్చిన చెట్లు ఇవి. ఎవరు తెచ్చి ఇచ్చారు?"

అతడు నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వాడు.

"పోలీసులా మాట్లాడతారే! తవ్వకొచ్చిన మొక్కకు దుంపలో నరికిన గాటు ఉంటాది. చూడండి, ఉండాదా?" అని ఒక కుండీని వంచి మట్టి తోసి చూపించాడు. గాటు లేదు. దుంప గుండ్రంగా, నునుపుగా ఉంది. "ఇవన్నీ ఇత్తనాలకు వచ్చినవి. ఆ ఇత్తనం మొలిచేకి నా పానం తీసింది. పండ్లు ఇచ్చిందెవరో తెలుసునా? పెనుకొండలో కుట్టుపని నేర్పే గ్రేసమ్మ. చెట్టు పోకముందే, రైల్లో ఎదురు కూర్చోని, సంచిలోనుంచి తీసి నా చేతిలో పెట్టె."

ఇంటికి వచ్చి గ్రేస్‌ను నిలదీశాను.

"నారాయణప్పా? ఎవురాయన? నేను పండ్లు ఇచ్చినానా?" అని ఆమె చాలాసేపు ఆలోచించి, "ఇచ్చింటానేమో అక్కా. గుర్తులేదు," అంది.

ఆ రోజునుండి నా అనుమానం నారాయణప్పను విడిచి నా చెల్లెలి మీదికి మళ్ళింది. ఆమె అబద్ధమాడుతోందని కాదు. ఆమె ఇచ్చేటప్పుడు ధారాళంగా ఇస్తుంది, ఇచ్చినది మరచిపోతుంది. పోగొట్టుకున్నది మాత్రం మరవదు. అటువంటి మనిషి ముఖం తిప్పుకుని కూర్చుంటే, ఇంకెవరెవరికి గేటు తీసి పెట్టిందో ఆమెకే తెలియదు. ఇంటికి వచ్చేవారినందరినీ ఆ కంటితోనే చూడడం మొదలుపెట్టాను. పాలవాడు పెరటివైపు చూస్తే ఎందుకు చూశాడని అనుకునేదాన్ని. పాస్టరుగారి భార్య మొక్కల మాట ఎత్తితే, ఆమె పెరట్లో ఏమున్నదో చూడడానికి పనిగట్టుకుని వెళ్ళాను. బంతిపూలు తప్ప అక్కడ ఏమీ లేవు. మద్దిలేటి మాత్రం మా గేటు ముందునుంచి తలవంచుకునే పోయేవాడు. "ఏమప్పా, బాగున్నావా?" అంటే, "ఉండాను, పెద్దటీచరమ్మా," అని నిలబడకుండా వెళ్ళేవాడు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. వీధిలో ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి, వీధికుళాయి ఎండిపోయింది. రెండువేల నాలుగులో గ్రేస్ ఆత్మీయురాలి కూతురి పెళ్ళికి పట్టుచీరలు తీయడానికి ఇద్దరం ధర్మవరం వెళ్ళాము. గ్రేస్ దగ్గర ఒకప్పుడు కుట్టు నేర్చుకున్న అశ్వినికి అక్కడ చీరల వ్యాపారి ఆదినారాయణతో పెళ్ళి అయింది. నేరుగా వాళ్ళ ఇంటికే వెళ్ళాము. లోపలికి అడుగు పెట్టబోతూ నేను ఆగిపోయాను. ప్రహరీగోడ పొడవునా గులాబి అరటి గుబురుగా పెరిగి ఉంది. గులాబి గెలలు ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి. కొన్ని పండ్లు తొక్క విచ్చుకుని నోరు తెరిచినట్లు ఉన్నాయి.

గ్రేస్ కూడా చూసింది.

అశ్విని కాఫీ గ్లాసులతో ఎదురు వచ్చి, మా చూపు ఎటు ఉన్నదో గమనించి, పొంగిపోయింది.

"చూసినారా టీచర్! మీ చెట్టే! ఎట్ల పెరిగిందో చూడండి. దొంగిలించిన చెట్టు గదా!"

"ఎప్పుడు దొంగిలించావు?" అన్నాను నేను.

"తొంభయ్యారు ఎండాకాలంలో మా ఆయనతో బెంగుళూరు పోయి, జీపులో తిరిగి వస్తా పెనుకొండలో ఆగినాము. గేటు తీసుండాది. టీచర్ మిషను కాడ అటు తిరిగి కూచోనుండారు. నాకు నవ్వాగలేదు. గడ్డపార జీపులోనే ఉండె. అప్పటికే ఒక గుంత తవ్వినట్లు ఉండాది, ఇంకెవురో మాకన్నా ముందే దొంగిలించినారు అనుకుంటిమి."

"మొత్తం ఎందుకు తీసుకున్నారు?"

"మా ఆయన అనె, వేరు కదిలితే బతకదు, గుబురంతా ఎత్తేద్దామని. నేను అంటి, దొంగతనంలో సగం దొంగతనం ఏంది, కానీండి అని!" ఆమె పగలబడి నవ్వింది. "అయినా మీరే కదా టీచర్ చెప్పింది? నా పెండ్లినాడు, 'అశ్వినీ, నీకు బంగారం పెట్టలేను, నా అరటి నీదే, ఎప్పుడన్నా వచ్చి తీసుకుపో, నాకు చెప్పొద్దు, నన్ను అడగొద్దు,' అంటిరి. ఆ మాటకు నేను ఏడ్చినాను గూడా."

గ్రేస్ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఆ పెళ్ళి, ఆ మాట, ఆ ఏడుపు, అన్నీ ఆమెకు ఆ క్షణంలోనే గుర్తుకు వచ్చాయని నేను గ్రహించాను. అశ్విని తప్పు చేసిందని నేను అనను. ఆమె దాచినది ఏమీ లేదు. అడిగి ఉంటే ఎనిమిదేళ్ళ కిందటే ఇదే నవ్వుతో చెప్పి ఉండేది. అడగవలసినవారు అడగలేదు.

తిరుగు రైలులో పెనుకొండ దగ్గర పడేదాకా గ్రేస్ కిటికీ వైపే చూసింది. తరువాత మెల్లగా, "ఎన్నేండ్లయింది అక్కా! ఆయనా మరచిపోయింటాడు. ఇప్పుడు కదిలిస్తే మళ్ళీ రచ్చ," అంది.

"ఆయన మరచిపోయాడో లేదో చెప్పవలసినది ఆయన. నువ్వు కాదు," అన్నాను.

అశ్విని కట్టి ఇచ్చిన పిలకను చేత పట్టుకుని గ్రేస్ ఆ సాయంత్రమే మద్దిలేటి ఇంటికి వెళ్ళింది. నేను వెంట వెళ్ళాను. అతడు గడప దగ్గర కూర్చుని వేరుశనగకాయలు వొలుస్తున్నాడు. గ్రేస్ జరిగినదంతా ఏదీ మింగకుండా చెప్పింది, పిలకను అతని ముందు పెట్టింది. అతడు దానిని ముట్టలేదు.

"మొక్క యెందుకు టీచరమ్మా నాకు? నాకు బాకీ ఉండేది మొక్క గాదు."

"ఏం కావాల్నో చెప్పు మద్దిలేటన్నా. ఆదివారం మా ఏసుగుడిలో అందరి ముందర నిలబడి చెప్తాను."

"గుడిలో చెప్పినావంటే నీకు పుణ్యం వస్తాది. నాకేం వస్తాది? నన్ను దొంగా అనింది గుడిలో గాదు, కొళాయి కాడ. ఆ పొద్దు ఎవురెవురు విన్నారో, వాళ్ళకంతా చెప్పల్ల. వాళ్ళ ఇండ్ల కాడికి పోయి చెప్పల్ల."

"కొళాయే లేదు గదన్నా. సగంమంది ఊరే వదిలిపాయిరి."

"మాట వదల్లేదే?" అన్నాడు మద్దిలేటి.

అతడు అడిగినది న్యాయం. నేను గ్రేస్‌కు ఆ రాత్రి వేరే సలహా ఏదీ ఇవ్వలేదు.

మరునాటి నుండి ఆమె తిరిగింది. నేను సాక్షిగా వెంట నడిచాను. మొదట పోతులయ్య టీకొట్టు.

"మాకు అప్పుడే తెల్సులేమ్మా, మద్దిలేటి అట్లాటోడు గాదని," అన్నాడు అతడు, గ్లాసులు కడుగుతూ.

"తెలిసినవాడివి నవ్వించడానికి నోరు తెరిచావు. చెప్పడానికి ఎందుకు తెరవలేదు?" అని నేను అడిగాను. అతడు గ్లాసులు మళ్ళీ కడిగాడు.

ఆనాడు కుళాయి వరుసలో ఉన్న ఉలిగమ్మ ఇప్పుడు ధర్మవరంలో కూతురి దగ్గర ఉంటోంది. మళ్ళీ రైలెక్కాము. ఆ ముసలామె, "నా కండ్లు బిందె మీదనే ఉండె తల్లీ, నేనేం వినలా," అంది. గ్రేస్ లేవబోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఇంత దూరం వస్తివి గదా, చెప్పు మల్లా!" అంది. గ్రేస్ మొదటినుండి చెప్పింది. "వింటిలే. ఇప్పుడు వింటి," అని ఉలిగమ్మ ఆమె తల నిమిరింది. ఆ వరుసలోనే ఉన్న అంజనప్ప చనిపోయాడు, అతని భార్యకు చెప్పాము. ఒక ఇంట తలుపు తీయలేదు, మరునాడు మళ్ళీ వెళ్ళాము. ఎవరినైనా దాటవేసిందని అనడానికి గ్రేస్ నాకు అవకాశం ఇవ్వలేదు. ఆ మాట న్యాయంగా చెప్పాలి.

అందరికీ చెప్పి వచ్చి, "అయిపోయిందన్నా," అంది గ్రేస్.

"ఇంగొకడు ఉండాడమ్మా. వరుసలో బిందె పట్టుకోనుండె," అన్నాడు మద్దిలేటి.

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌లో పొద్దుటిపూట కాలు పెట్టడానికి సందు ఉండదు. తెల్లని, పసుపు గూళ్ళు తట్టల నిండా పోసి ఉన్నాయి. వేలంపాట అరుపులలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. లోకేష్ ఒక రైతు తట్టలోని గూళ్ళను చేతిలో ఆడించి చూస్తున్నాడు. ఎదిగిన మగవాడు, చెవి వెనుక పెన్ను. మమ్మల్ని చూసి ముఖం గట్టిపరచుకున్నాడు.

"మా నాయనకేమన్నా అయిందా?"

"కాలేదప్పా. నేను నీకు ఒక మాట చెప్పల్ల," అని గ్రేస్ గట్టిగా, ఆ అరుపులకు పైగా వినపడేలా, అంతా చెప్పింది. పక్కనున్న రైతులు తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు.

లోకేష్ చేతిలోని గూడును తట్టలో వేశాడు. అప్పుడు అడిగిన ప్రశ్నను నేను ఊహించలేదు.

"మరి తీయకుంటే, ఆ పొద్దు ఆ మొక్క తెచ్చి మీ గేటు కాడ ఎందుకు పెట్టె? దొంగిలించింది గాకుంటే తిరిగి ఎందుకు ఇచ్చె?"

పిల్లవాడి కళ్ళకు ఆ రోజు కనిపించినది అది. తండ్రి సొత్తు తిరిగి ఇచ్చాడు, అంటే ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ళు అతడు మోసినది గ్రేస్ మాటను కాదు, తండ్రి చేతిలోని ఆ పిలకను. దానికి జవాబు నేను చెప్పగలిగేదాన్ని. కాని చెప్పవలసినది నేను కాదు, అందుకే నోరు మూసుకున్నాను.

"అది ఆయనదే నాయనా," అంది గ్రేస్. "నేనే ఇచ్చినాను, ఎరువుకు బదులు. ఆయన మోసిన ఎరువుకు అట్లాంటివి పది ఇచ్చినా చాలదు. నేను అంత మాట అన్నాక, ఆ మొక్క ఆయన ఇంట్లో ఉంచుకోలేకపోయె. తనది తాను పీకేసుకునె. సిగ్గుపడాల్సింది నేను, నిలబడి చూస్తాంటి."

లోకేష్ ఆ రైతును ఒకచోట కూర్చోబెట్టి, తట్టలు చూసుకోమని పక్కవాడికి చెప్పి, మాతోపాటు స్టేషనుకు నడిచాడు. పెనుకొండలో దిగి, కొండకింది వీధిలో నడిచి, అతడు మా ఇంటి ముందు ఆగకుండా నేరుగా తండ్రి ఇంటికి వెళ్ళాడు. మేము గేటు దగ్గర నిలబడ్డాము. తలుపు తీసే ఉంది.

"నాయనా, సంగటి ఉండాదా? ఆకలైతాది," అన్న గొంతు వినిపించింది.

లోపల కంచం చప్పుడయింది. కొంతసేపటికి మద్దిలేటి గడప దాకా వచ్చాడు. అతని చేయి సంగటితో తడిగా ఉంది.

"తీరిపాయ టీచరమ్మా," అన్నాడు గ్రేస్‌తో. "ఇంగేం బాకీ లేదు."